నేను అడగని మిణుకు ప్రశ్న

నేను అడగని ప్రశ్నను నా పేరు మీద అచ్చు వేశారు. పైగా పేరు ముందు ‘చి.’ అని తగిలించారు. అప్పటికి నా వయసు డెబ్బై దాటింది.

ఆదివారం అనుబంధంలో, పిల్లల పేజీలో, ఏనుగు బొమ్మకు రంగులు వేసే పోటీ పక్కన పడింది అది. “నక్షత్రాలు ఎందుకు మిణుకుమంటాయి?” అని ప్రశ్న. కింద చిరంజీవి నేను, కోరాపుట్. భూమి చుట్టూ గాలి ఉంటుందనీ, ఆ గాలి కదులుతూ ఉంటే నక్షత్రం వెలుగు వణికినట్టు కనబడుతుందనీ జవాబు. ఆ జవాబులో తప్పేమీ లేదు. అది నాకు తెలియనిదీ కాదు. చివర “మంచి ప్రశ్న అడిగావు. ఇలాగే శ్రద్ధగా చదువుకో” అని ఒక ఆశీర్వాదం.

చదువుకున్నానయ్యా. శ్రద్ధగానే చదువుకున్నాను. బడిలో కాదు, మా నాన్న కొట్లో. బెల్లం చుట్టి ఇచ్చే పాత కాగితాలు నా పలక. సగంలో తెగిపోయిన వార్త మిగతా సగం ఏ పొట్లంలో ఉందో అని కట్టలన్నీ తిరగేసినవాణ్ణి. నా అక్షరాలు లావుగా, ఒకదానికొకటి దూరంగా ఉంటాయి. దిద్దించినవాడు లేడు కనుక అలా వచ్చాయి. అది చూసి నన్ను మూడో తరగతి అనుకున్నారన్నమాట.

అసలు నేను అడిగింది ఏమిటో చెప్పాలంటే ముందు మా అప్ప సంగతి చెప్పాలి.

అప్ప అంటే మా వైపు అక్క. నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. విజయనగరం వైపు నుంచి మా వాళ్ళు ఘాటీ ఎక్కి వచ్చి ఒడిశా కొండల మీది కోరాపుట్‌లో పప్పుల వ్యాపారం పెట్టారు. అప్ప భర్త పోయాక ఆ కొట్టుకే తిరిగి వచ్చింది. అప్పటి నుంచి మినుములు ఏరడం ఆమె పని. బోరిగుమ్మ సంత నుంచి వచ్చే మినుముల్లో మినుమంత నల్లరాళ్ళు ఉంటాయి. చేట ఒళ్ళో పెట్టుకుని, కబుర్లు చెబుతూనే, ఒక్క రాయి వదలకుండా ఏరేది. మా కొట్టు పప్పు నమలడానికి భయపడక్కర్లేదని బజారంతా చెప్పుకునేవారు.

రెండువేల తొమ్మిది వేసవికి ఆ పప్పులో రాళ్ళు రావడం మొదలైంది.

“కరెంటు నేదురా,” అనేది అప్ప. “ఆ బల్బు సూడు, ఆరిపోయే నిప్పులాగున్నాది. రాయేదో మినువేదో ఎలా కనపడతాది?”

ఇందులో ఆమెను పూర్తిగా కొట్టిపారేయడానికి లేదు. కొట్టు లోపల పట్టపగలే చీకటి. బల్బు లేనిదే పని జరగదు. తొంభైలలో మా ఊళ్ళో సాయంత్రం అయితే బల్బులో ఎర్రటి తీగ తప్ప వెలుగు కనబడేది కాదు. రేడియో గొంతు సన్నబడిపోయేది. ఆ కరెంటుతో బతికినవాళ్ళం. దీపం తగ్గితే తప్పు కరెంటాఫీసుది అనడం మాకు అలవాటు. నేను అరవై బల్బు తీసి వంద పెట్టాను. వంద తీసి ట్యూబులైటు పెట్టాను. నా కళ్ళకు పొడుచుకునేంత వెలుగు. అప్పది మాత్రం అదే మాట.

లైన్‌మాన్‌ని పిలిచాను. ఒడియా కుర్రాడు, మర్యాదస్థుడు. మీటరు పట్టి చూశాడు. “ఠిక్ అఛి, మౌసా,” అన్నాడు. అంతా సరిగ్గానే ఉందని. అప్ప నవ్వింది.

“కరెంటాఫీసోడు కరెంటు బాగుందనక ఏటంటాడు? నువ్వు మినువుల్లో రాళ్ళున్నాయని ఎప్పుడైనా సెప్పేవా?”

ఆస్పత్రికి తీసుకెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలన్నారు. కుడికన్ను బాగా ముదిరిందనీ, ఇంకా ఊరుకుంటే లోపల ఒత్తిడి పెరిగి చూపు మొత్తం పోవచ్చనీ, రాయగడలో నెలనెలా కంటి ఆపరేషన్ల శిబిరం పెడతారనీ, వెంటనే తీసుకెళ్ళమనీ డాక్టరు చెప్పాడు. అప్ప బయటికి వచ్చి రిక్షా ఎక్కుతూ, “కరెంటు బాగుసెయ్యలేక కళ్ళు కోత్తారేటి?” అంది. అంతే. ఇంక ఆ ఊసు ఎత్తితే అన్నం దగ్గర నుంచి లేచిపోయేది.

ఇలా ఉండగా పేపర్లో దుర్భిణి గురించి పెద్ద వ్యాసం వచ్చింది.

రాయగడ నుంచి మా ఊరికి రైలుదారి పడ్డాక కూడా తెలుగు పేపరు మాకు బస్సులోనే, మధ్యాహ్నానికి వచ్చేది. భోజనాలయ్యాక నేను పైకి చదవడం, అప్ప చేట పట్టుకుని వినడం. ఆ వేళ చదివింది ఆకాశంలోకి పంపిన ఒక దుర్భిణి గురించి. ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను వెతకడమే దాని పని. ఆకాశంలో ఒకే ముక్కను, అందులోని వేలకు వేల నక్షత్రాలను, రెప్పవేయకుండా చూస్తూ ఉంటుంది. ఏ నక్షత్రం ముందు నుంచైనా దాని గ్రహం దాటితే ఆ నక్షత్రం వెలుగు ఇసుమంత తగ్గుతుంది. ఆ ఇసుమంతను ఇది పట్టుకుంటుంది. బోరిగుమ్మ సంతలో వెలిగే పెట్రోమాక్సును మా కోరాపుట్ కొండ మీద నుంచి చూస్తూ, ఇదిగో దాని ముందు నుంచి ఇప్పుడొక ఉసుళ్ళ పురుగు పోయింది అని చెప్పడం లాంటిది.

నాకు నచ్చింది గ్రహాల సంగతి కాదు. పైకి వెళ్ళాక అది ఎలా పనిచేస్తోందో వాళ్ళు రాసుకున్న తీరు నచ్చింది. వెళ్ళీ వెళ్ళగానే మూత తీయలేదట. మూత ఉండగానే వట్టి చీకటిని రోజుల తరబడి ఫోటోలు తీసి, వెలుగే లేనప్పుడు తమ యంత్రం తనంతట తాను ఏమేం మచ్చలు చూపిస్తుందో రాసిపెట్టుకున్నారట. తక్కెడలో సరుకు వెయ్యకముందు ముల్లు ఎక్కడ నిలిచిందో చూసుకోవడమన్నమాట. తర్వాత మూత ఎగరగొట్టి, అద్దాన్ని వెంట్రుకవాసి జరిపి చూపు సరిచేశారు. లోపలి భాగాలు కొన్ని ఊరికే రొద పెడుతున్నాయని ఒప్పుకున్నారు. ఒకటి రెండుసార్లు అదే బెదిరి, చూడడం మానేసి, కింద నుంచి ఆజ్ఞ వచ్చేదాకా ముడుచుకుని కూర్చుందట. అంత దూరం వెళ్ళి బాగుచేసేవాడు లేడు కనుక ఉన్న లోపాలు తెలుసుకుని వాటితోనే నెగ్గుకురావాలి. ఇదంతా నేను ఊగిపోతూ చదువుతున్నాను.

“ఒరే, ఆగు,” అంది అప్ప. చేట ఆగింది. “దీపం తగ్గిందని ఆ యంతరం సెప్తన్నాది. అవునా?”

“అవును.”

“దీపమే తగ్గిందో, దాని కన్నే మసకేసిందో ఎలాగెరుగుదురు?”

“వాళ్ళు పెద్దపెద్దవాళ్ళప్పా. చూసుకోకుండా ఉంటారా?”

“ఆళ్ళ సంగతి కాదు. నువ్వెరుగుదువా?”

పేపరు మళ్ళీ పైనుంచి కిందికి చూశాను. అందులో లేదు. చీకటి ఫోటోల సంగతి ఉంది, రొద సంగతి ఉంది, ఈ ఒక్కటే లేదు.

“ఎరగవు,” అంది అప్ప. “ఆ యంతరం కన్ను బాగుందో నేదో ఎరగవు గాని, నా కన్ను పోయిందని మాత్రం బాగా ఎరుగుదువు. ఏట్రా నీ తెలివి! ఆళ్ళెలా తేల్చుకున్నారో కనుక్కుని సెప్పు. అది నాకు నచ్చితే ఆ నెలే రాయగడ ఎల్దుం.”

మాట ఇచ్చేసింది. అప్ప ఆడిన మాట తప్పే మనిషి కాదు. మర్నాడే కార్డు కొన్నాను. “నక్షత్రం వెలుగు తగ్గిందని దుర్భిణి చెబుతోంది. తగ్గినది నక్షత్రమో, దుర్భిణి కన్నో ఎలా తేల్చారు? త్వరగా తెలుపగలరు. ఒకరి చూపు దీని మీద ఆధారపడి ఉన్నది.” ఇంతే రాశాను. వ్యాసం కింద ప్రశ్నలు పంపమని ఉన్న చిరునామాకే పంపాను. అది పిల్లల పేజీ చిరునామా అని నాకేం తెలుసు?

దానికి వచ్చిన ఫలితం మీకు చెప్పాను కదా.

నేను ఇంకా పేపరు విప్పకముందే మునిసిపాలిటీ పంపుహౌసులో పనిచేసే మావాడొకడు తన పేపరు ఊపుకుంటూ కొట్టు మెట్లెక్కాడు.

“మావా! నీ పేరు పేపర్లో పడ్డాది! సిరంజీవంట! మిఠాయేదీ?” అన్నాడు. చదివి వినిపించాడు కూడా. ఆఖర్న, “మినువులమ్ముకునేవోడికి మిణుకుల గొడవేట్రా అనుకున్నాను. అచ్చరం ఒకటే తేడా కాబోలు,” అన్నాడు.

కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ వారమంతా బేరానికి వచ్చిన ప్రతివాడూ “మిణుకులు కిలో ఎంత, సావుకారూ?” అనేవాడే. నాకు నవ్వుల గురించి బాధ లేదు. అప్ప నవ్వలేదు. అదీ నా బాధ.

“నానడిగింది ఇది కాదు కదరా,” అంది మెల్లగా. “నువ్వు సరిగ్గా రాసేవా?”

సరిగ్గానే రాశాను. కానీ ఎలా నిరూపించడం? కార్డు వాళ్ళ దగ్గరుంది. నా మాట ఉంది నా దగ్గర. ఎన్నో ఏళ్ళుగా పేపర్లో ఉన్నది నిజమని అప్పకు చెప్పిందీ నేనే.

రెండో కార్డు రాశాను. నేను అడిగినది మిణుకుల గురించి కాదనీ, నేను చిరంజీవిని కాననీ, నాకు మనవలున్నారనీ రాశాను. అసలు గాలి లేనిచోటుకు దుర్భిణిని పంపిందే మిణుకు లేకుండా చూడడానికి, అలాంటప్పుడు మిణుకులతో నాకేం పనని నిలదీశాను. కొన్ని వారాల తర్వాత అదే పేజీలో అడుగున చిన్న అక్షరాల్లో, మళ్ళీ నా పేరు, మళ్ళీ ‘చి.’. “నీ ప్రశ్నకు ఇదివరకే జవాబిచ్చాం. పాత పేపరు చూడు.”

చూడు! చూడు అట!

ఈలోగా వానలు పట్టాయి. మా కొండల్లో వాన పట్టిందంటే సూర్యుడి మొహం మరిచిపోవాలి. అప్పకు ఇంకో సాకు దొరికింది. కరెంటు కాకపోతే మబ్బు. మబ్బు కాకపోతే మంచు. రాయగడలో ఒక శిబిరం అయిపోయింది. రెండోది కూడా అయిపోయింది. నేను బతిమాలాను, తిట్టాను, ఒకపూట మాట్లాడడం మానేశాను. “ఆళ్ళెలా తేల్చేరు? సెప్పు, ఎల్దుం,” అనేది. ఒక మధ్యాహ్నం ఏరిన మినుములన్నీ శుభ్రంగా కాలవలో పారబోసి, రాళ్ళు డబ్బాలో పోసి మూత పెట్టింది. నేను చూశాను. ఆమె చూడలేదు. డబ్బా తీసి ఆమెకు చూపించడానికి నోరు రాలేదు. ఎలాగూ కనబడేది కాదు.

మర్నాడు ఎస్‌టీడీ బూత్‌కి వెళ్ళి పేపరాఫీసుకు ఫోన్ చేశాను. ఎవరో ఎత్తారు. ఆదివారం పిల్లల పేజీ చూసేవాళ్ళు కావాలన్నాను. పేరు, ఊరు అడిగారు. చెప్పాను.

“ఓ, నక్షత్రాలు మిణుకు మిణుకు! నువ్వేనా బాబూ? అమ్మా నాన్నా ఉన్నారా పక్కన?”

“మా అమ్మా నాన్నా పోయి ముప్పై ఏళ్ళయింది. పేజీ రాసేవాణ్ణి పిలవండి.”

చాలాసేపు ఎవరూ రాలేదు. బూత్‌వాడు మీటరు వైపు చూస్తున్నాడు, నేను గోడవైపు చూస్తున్నాను. చివరికి ఒక గొంతు వచ్చింది. కుర్రగొంతు కాదు, నడివయసు మనిషి.

“నమస్కారమండీ. పొరపాటు జరిగిపోయింది. చేతిరాత చూసి...”

“చేతిరాత నాదే. ప్రశ్న ఎవరిది? మీదేగా?”

ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. “మీరు అడిగింది నాకు బాగానే అర్థమైందండీ. జవాబే తెలియలేదు. పేజీ శుక్రవారానికల్లా ఇచ్చెయ్యాలి. ప్రశ్నలు మరీ తక్కువ వచ్చాయి ఆ వారం. నక్షత్రం అనే మాట ఉంది కదా అని, నాకు జవాబు తెలిసిన ప్రశ్నగా మార్చేశాను.”

ఇంత నిజం చెప్పే మనిషిని తిట్టడం కష్టం. “పోనీ రెండో కార్డు?” అన్నాను.

“అది నేను సెలవులో ఉండగా వచ్చింది. వేరేవాళ్ళు వేశారు.” తర్వాత ఆయనే అన్నాడు, “ఒకరి చూపు ఆధారపడి ఉందని రాశారు. అది మనసులో ఉండిపోయింది. మొన్న యూనివర్సిటీలో ఒకాయన్ని అడిగాను. చెప్పమంటారా?”

చెప్పమన్నాను. కాగితం లేదు, బూత్‌వాడి పెన్ను లాక్కుని అరచేతి మీద రాసుకున్నాను. ఆ దుర్భిణి ఒక్క నక్షత్రాన్ని చూడదట. ఒకేసారి అన్నిటినీ చూస్తుంది. అన్నీ కలిసి ఒక్కసారే తగ్గాయంటే తప్పు దుర్భిణిది. చుట్టూ ఉన్నవన్నీ మామూలుగా ఉండి ఒక్కటే తగ్గితే, అప్పుడు ఆ నక్షత్రం సంగతి ఆలోచిస్తారు. పైగా భూమి మీది దుర్భిణులతో అంతకుముందే కనిపెట్టిన గ్రహం ఒకటి అది చూసే ముక్కలోనే ఉంది. మొదట దాన్ని చూశారు. తగ్గవలసిన వేళకు, తగ్గవలసినంత తగ్గింది. దాంతో కన్ను బాగుందని నమ్మకం కుదిరింది.

“ఇది అచ్చు వేస్తారా?” అన్నాను.

“వేస్తానండీ. ఈసారి ‘శ్రీ’ అని వేస్తాను.”

నేను ఇంటికి దాదాపు పరుగెత్తాను. చెయ్యి చెమట పట్టి సగం అక్షరాలు చెరిగిపోయాయి, అయినా మతిలో ఉంది. అప్పను కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. నక్షత్రాలన్నీ ఒక్కసారే తగ్గితే తప్పు చూసేవాడి కన్నుది. ఒక్కటే తగ్గితే దీపానిది. ఇంతకంటే తేలికగా ఎవరూ చెప్పలేరు.

అప్ప చాలాసేపు ఆలోచించింది. ఆమె నిజంగానే ఆలోచించింది.

“బాగుంది. నాకు నచ్చింది,” అంది. “మన కొట్లో దీపం తగ్గింది. ఎదురుకొట్లో తగ్గింది. బజారంతా తగ్గింది. మొన్న కోవిలకెళ్తే అక్కడా అంతే. అన్నీ ఒక్కలాగే తగ్గినాయి.”

“మరి? అందుకే కదా చెబుతున్నాను!”

“అందుకే నానూ సెప్తన్నాను. ఊరంతటికీ కరెంటు తక్కువరా.”

నేను చేతిలో ఉన్న చెంబు నేలకేసి కొట్టాను. డబ్బు పెట్టి, పరువు పోగొట్టుకుని, అన్ని నెలలు తిరిగి నేను తెచ్చిన జవాబు ఆమె చేతిలో పడి కరెంటాఫీసు మీద ఫిర్యాదుగా మారిపోయింది. పైగా ఆమె తర్కంలో తప్పెక్కడుందో వెంటనే చెప్పలేకపోయాను. నక్షత్రాలన్నీ వేరు వేరు పొయ్యిలు. మా ఊరి దీపాలన్నీ ఒకే తీగ మీద వేలాడుతున్నాయి. ఆ దుర్భిణివాళ్ళ అదృష్టం, వాళ్ళ ఆకాశానికి మా కరెంటాఫీసు లేదు.

ఆ కోపం చాలా రోజులున్నది. పంపుహౌసువాడు “ఏటి మావా, మిణుకులు తేలేయా?” అని అడిగితే వాణ్ణి కొట్టబోయాను. కానీ కోపంలోనే ఫోన్లో విన్న రెండో ముక్క బుర్రలో మెదులుతూ ఉండేది. ముందే అందరికీ తెలిసినదాన్ని చూసి కన్నును పరీక్షించుకున్నారన్న ముక్క. కరెంటాఫీసుకు సంబంధం లేని వెలుగు, అందరూ ఇంత అని ఒప్పుకునే వెలుగు ఒకటి కావాలి. అది ఏమిటో తట్టడానికి నాకు దసరా వెళ్ళాల్సి వచ్చింది. ఇంత చిన్న సంగతి తట్టడానికి అన్నాళ్ళు పట్టినందుకు ఇప్పటికీ నా మీద నాకు ఒళ్ళుమంటే. వానాకాలమంతా అది మా నెత్తిన లేదు, అదొక్కటే నేను చెప్పుకోగల సమాధానం.

ఆశ్వీజం వెళ్ళేసరికి మబ్బులు విడిచాయి. ఒక ఉదయం అప్ప పెరట్లో పాత చీర పరిచి వడియాలు పెడుతోంది. మా కొండల మీద వానలు వెనక్కి తగ్గాక వచ్చే ఎండ ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుసు. పెంకుల మీద, ఇత్తడి బిందె మీద, తడి ఆకుల మీద చూపు నిలవనంత మెరుపు. నేను అరుగు మీద నుంచి చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాల్సి వచ్చింది. అప్ప చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. చీర అంచు ఎక్కడుందో తడుముకుంటూ పిండి పెడుతోంది. సగం వడియాలు చీర మీద, సగం నేల మీద.

దిగి వెళ్ళి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాను. ఈసారి అరవలేదు.

“అప్పా, ఈ ఎండ ఎలా ఉంది నీకు?”

చెయ్యి ఆగింది.

“దీనికి ఏ లైన్‌మాన్‌ని పిలవమంటావు?”

అప్ప ముఖం పైకెత్తింది. పెరడంతా ఒకసారి ఇటు నుంచి అటు తిప్పి చూసింది. పెంకుల వైపు, బిందె వైపు, నా వైపు. కాకులు వడియాల మీదికి దూకుతుంటే ఇద్దరం తోలలేదు. ఆ తర్వాత, పిండి చెయ్యి చీరకు తుడుచుకుంటూ అంది:

“ఎండ కూడా మసకేరా తమ్ముడా. ఎప్పట్నించో ఇలాగే ఉన్నాది. సరే, ఎల్దుం. కన్ను కోసేటప్పుడు నువ్వు నా పక్కనుంటావా, బయట కూకుని పేపరు సదూకుంటావా?”